దివాలా చట్టం ఎంత కిందికి దిగింది? సూరత్ చెప్పే లెక్క

2017 ఆగస్టు 2న రెండు ఊళ్లలో రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. సూరత్ పక్కనే హజీరాలో ఉన్న ఎస్సార్ స్టీల్‌ను అహ్మదాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియలోకి తీసుకుంది. అదే రోజు హైదరాబాద్ బెంచి విశాఖపట్నం కంపెనీ సినర్జీస్ డూరే ఆటోమోటివ్ పరిష్కార ప్రణాళికను ఆమోదించింది. కొత్త దివాలా స్మృతి కింద దేశంలో ఒడ్డున పడ్డ మొదటి కేసు అది. రుణదాతలకు రావలసింది 900 కోట్లు దాటితే, చేతికి దక్కింది సుమారు 54 కోట్లు. హజీరా కేసు తేలేసరికి మరో రెండేళ్లు పైగా పట్టింది కానీ, బ్యాంకులకు వచ్చింది 40 వేల కోట్ల పైమాట.

ఈ రెండు కేసుల గురించి న్యాయ విద్యార్థులు, బ్యాంకర్లు, ఆర్థిక విలేఖరులు రాసింది గుట్టలుగా ఉంది. ఆ రాతల్లో కనిపించని సూరత్ ఇంకొకటి ఉంది. ఆ సూరత్‌లో బట్టల వ్యాపారి ఒకడు రాత్రికి రాత్రి దుకాణానికి తాళం వేసి వెళ్లిపోతాడు. అతనికి అరువు మీద బట్ట పోసిన మరమగ్గాల యజమాని మర్నాటి నుంచి నూలు వ్యాపారికి ముఖం చాటేస్తాడు. వారం తిరిగేసరికి కార్మికుడి కూలి ఆగిపోతుంది. ఈ ముగ్గురికీ దివాలా చట్టం ఇచ్చిందేమిటి? ఆ ప్రశ్న దగ్గర నిలబడి సూరత్ అనుభవాన్ని మొత్తంగా చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

దీపం నుంచి ఐపీ దాకా

అప్పు సూరత్‌కు కొత్త కాదు. 17వ శతాబ్దంలో ఈ రేవులో ఇంగ్లీషు, డచ్ కంపెనీలకు అప్పులిచ్చినవాడు స్థానిక వర్తకుడు వీర్‌జీ వోరా. 1664లో శివాజీ దాడిలో అతని ఇల్లు కూడా దోపిడీకి గురైంది. సముద్రాలు ఏలిన కంపెనీ సూరత్ సాహుకార్ల దగ్గర బాకీదారుగా తలవంచుకున్న రోజులు అవి. వ్యాపారం కూలిన వర్తకుడు పట్టపగలు దుకాణంలో దీపం వెలిగించి గద్దె దిగిపోయే ఆచారం గురించి పాత గ్రంథాలు చెబుతాయి. అప్పులవాళ్లు ఆ దీపం చూసి చేరేవారు, వర్తక సంఘమైన మహాజన్ పెద్దలు ఉన్నది పంచేవారు. అందులో పరువు పోయేది గానీ మనిషి మిగిలేవాడు. అసలును మించి వడ్డీ వసూలు చేయరాదన్న దామ్‌దుపట్ నియమం కూడా ఈ ప్రాంతపు హిందువుల్లో కోర్టులు గుర్తించిన ధర్మమే.

వలస పాలకులు తెచ్చిన దివాలా చట్టాలు మొదట కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల కోసం పుట్టాయి. ఆ నగరాలకు 1909 చట్టం, మిగతా ఊళ్లకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. సూరత్ అయినా గుంటూరు అయినా ఈ రెండో దాని కిందికే వచ్చాయి. తెలుగునాట జనం నోట నానిన 'ఐపీ పెట్టడం' అంటే ఈ చట్టం కింద ఇన్సాల్వెన్సీ పిటిషన్ వేయడమే. బాకీలు 500 రూపాయలకు చేరితే చాలు, బాకీదారు కోర్టుకు వెళ్లవచ్చు. ఆ 500 ఈనాటికీ అలాగే ఉంది. పిటిషన్‌కు ముందు రెండేళ్ల లోపు ఆస్తిని ఊరికే ఇంకొకరి పేరున రాసి ఉంటే కోర్టు దాన్ని రద్దు చేయగలదు. అన్నీ సవ్యంగా ఉంటే చివరికి బాకీల నుంచి విడుదల కూడా ఇవ్వగలదు.

ఆచరణలో జరిగింది వేరు. పిటిషన్ వేసి అప్పులవాళ్ల ఒత్తిడి నుంచి కొంత ఊపిరి తీసుకోవడంతో చాలామంది ఆగిపోయారు. విడుదల కోసం మళ్లీ దరఖాస్తు చేయాలన్న సంగతి చాలామందికి పట్టలేదు, గడువు దాటితే మొదటి ఉత్తర్వే రద్దయ్యే ప్రమాదం ఉన్నా సరే. కొందరు భార్య పేరున, బావమరిది పేరున ఆస్తులు సర్దుకున్నాకే కోర్టు గడప తొక్కారు. దాంతో 'ఐపీ పెట్టినవాడు' అంటే మోసగాడనే ముద్ర పడింది. నిజంగా చితికిపోయిన మనిషికీ, ముందే మూట కట్టుకున్న మనిషికీ తేడా చూపించాల్సిన చట్టం ఇద్దరినీ ఒకే పేరుతో ఊరి మీదికి వదిలింది.

బాకీదారును జైలుకు పంపే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇంకా ఉంది. కేవలం చెల్లించలేకపోయినందుకు జైలు కూడదని, దురుద్దేశం ఉంటేనే చెల్లుతుందని జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ 1980లో స్పష్టం చేశారు. తండ్రి బాకీకి కొడుకు బాధ్యుడన్న పాత ధర్మశాస్త్ర నియమాన్ని హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, ఆ తర్వాతి బాకీల విషయంలో తీసేసింది. ఒక్కో అడుగూ మంచిదే. వీటన్నిటినీ కలిపి మనిషి మళ్లీ నిలదొక్కుకునే దారిగా మలచాల్సిన పని మాత్రం మిగిలిపోయింది.

హజీరా నేర్పిన పాఠం

టి.కె. విశ్వనాథన్ కమిటీ 2015 నవంబరులో ఇచ్చిన నివేదిక ఆధారంగా 2016 మే 28న దివాలా స్మృతికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. మరుసటి ఏడాది జూన్‌లో రిజర్వు బ్యాంకు 12 పెద్ద మొండి బాకీలను ఈ దారి పట్టించింది. ఎస్సార్ స్టీల్ గుజరాత్ హైకోర్టుకు వెళ్లి, జూలైలో ఓడిపోయింది. ఆపై జరిగిన పోరాటమే ఈ స్మృతికి బడి అయింది.

పోటీలో ఆర్సెలర్ మిత్తల్, న్యూమెటల్ నిలిచాయి. న్యూమెటల్‌లో పాత యజమానుల కుటుంబానికి చోటు ఉంది. ఆర్సెలర్ మిత్తల్‌కు బాకీ పడ్డ వేరే కంపెనీలతో లంకె ఉంది. బాకీ ఎగవేసినవాళ్లు దొడ్డిదారిన తిరిగి రాకూడదంటుంది 29ఎ సెక్షను. ఇద్దరూ ముందుగా పాత బాకీలు కట్టి రావాలని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 4న తేల్చింది. ఆర్సెలర్ మిత్తల్ ఉత్తమ్ గాల్వా, కేఎస్ఎస్ పెట్రాన్‌ల తరఫున సుమారు 7 వేల కోట్లు కట్టి బరిలో నిలిచింది. అదే నెలలో పాత యజమానులైన రుయాలు 54,389 కోట్లు ఇస్తాం, కంపెనీ మాకే వదిలేయండని ముందుకొచ్చారు. కొత్తవాళ్లు ఇస్తానన్నదానికంటే అది ఎక్కువే. అయినా రుణదాతల కమిటీ ఆర్సెలర్ మిత్తల్ వైపే మొగ్గింది, ట్రిబ్యునల్ కూడా రుయాల ప్రతిపాదనను తోసిపుచ్చింది. చివరి నిమిషంలో జేబులోంచి డబ్బు తీసేవాడికి తలుపు తెరిస్తే, పోటీలోకి నిజాయతీగా దిగేవాడు ఇంకెప్పుడూ రాడన్న తర్కం దాని వెనుక ఉంది. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా ధైర్యమైన నిర్ణయం అదే.

రెండో మలుపు పంపకం దగ్గర వచ్చింది. అప్పిచ్చిన బ్యాంకులకూ, సరుకు సరఫరా చేసినవారికీ ఒకే నిష్పత్తిలో, రమారమి 60.7 శాతం ఇవ్వాలని 2019 జూలై 4న అప్పిలేట్ ట్రిబ్యునల్ చెప్పింది. నవంబరు 15న సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది. జస్టిస్ రోహింటన్ నారిమన్ రాసిన ఆ తీర్పు ప్రకారం సమానులు కానివారిని సమానంగా చూడనక్కరలేదు, వ్యాపార నిర్ణయం రుణదాతల కమిటీదే. పూచీల బలం తక్కువైన స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకుకు 3,487 కోట్ల క్లెయిముకు 1.74 శాతం మాత్రమే దక్కింది. కోటి రూపాయల లోపు బాకీ ఉన్న చిన్న సరఫరాదారులకు మాత్రం పూర్తి సొమ్ము అందేలా ప్రణాళికలోనే ఏర్పాటు ఉంది. డిసెంబరు 16న 42 వేల కోట్లు చేతులు మారాయి. మొదలై 866 రోజులు. చట్టం అప్పట్లో పెట్టిన గడువు 270 రోజులు.

హరీశ్ సాల్వే, ముకుల్ రోహత్గీ, కపిల్ సిబల్ లాంటి హేమాహేమీలు ఈ కేసులో వాదించారు. దివాలా వాదన అంటే కింది కోర్టుల్లో పాతబడ్డ గుమాస్తా పని అనుకునే రోజులు పోయి, దేశంలోని అగ్రశ్రేణి న్యాయ ప్రతిభ మొత్తం దానిమీదికి మళ్లింది. హజీరా ఉక్కు కర్మాగారం మూతపడలేదు, ఉద్యోగాలు నిలిచాయి. చట్టం గెలిచిన సందర్భంగా దీన్ని ఒప్పుకోవడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

మగ్దల్లా, గార్డెన్: రెండు పక్కలు

అదే 12 పేర్ల జాబితాలో సూరత్ పేరు ఇంకోటి ఉంది: ఏబీజీ షిప్‌యార్డ్. మగ్దల్లా ఒడ్డున ఓడలు కట్టిన ఈ సంస్థకు కొనేవాడు దొరకలేదు. 2019లో లిక్విడేషన్‌కు వెళ్లింది. 22,842 కోట్ల బ్యాంకు మోసం ఆరోపణలతో 2022 ఫిబ్రవరిలో సీబీఐ కేసు పెట్టాక ఆ పేరు దేశమంతా మోగింది. లెక్కల తనిఖీ నివేదికకూ కేసుకూ మధ్య మూడేళ్లు గడిచాయి. దివాలా ప్రక్రియ కుళ్లును బయటపెట్టగలదు గానీ, దానిమీద వెంటనే చర్య తీసుకునే చేతులు వేరే చోట ఉన్నాయి.

మరోవైపు గార్డెన్ సిల్క్ మిల్స్. గార్డెన్ వరేలీ చీర కట్టని మధ్యతరగతి తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. ఆ మిల్లూ అప్పుల్లో కూరుకుంది. 2021లో చటర్జీ గ్రూపుకు చెందిన ఎంసీపీఐ చేతికి వెళ్లి నడుస్తోంది. దేశవ్యాప్తంగా చూస్తే పరిష్కారమైన కేసుల్లో రుణదాతలకు క్లెయిముల్లో దాదాపు మూడో వంతు వస్తోంది. అది తక్కువని ఒకరు, చావబోయే కంపెనీకి అదే ఎక్కువని ఒకరు వాదిస్తారు. ఆ వాదన ఎటు తేలినా అది కంపెనీల గురించే.

రింగ్ రోడ్డు: ఉఠమణుం

ఇక మిగిలినది అసలు సూరత్. రింగ్ రోడ్డు వెంట బట్టల మార్కెట్లు వరసకట్టి ఉంటాయి. ఇక్కడ వ్యాపారం నడిచేది నగదు మీద కన్నా నమ్మకం మీద. మగ్గం నుంచి దిగిన గ్రే బట్ట, అంటే రంగు వేయని ముడి బట్ట, తకాల (తానుల) లెక్కన దలాల్ ద్వారా వ్యాపారికి చేరుతుంది. డబ్బు మూడు నాలుగు నెలలకు వస్తుంది, ఒక్కోసారి రాదు. వ్యాపారి బోర్డు తిప్పేసి పారిపోవడాన్ని ఇక్కడివాళ్లు ఉఠమణుం అంటారు. గుజరాతీలో మరణం తర్వాత జరిపే పరామర్శ సభకూ అదే పేరు.

ఉఠమణుం పడ్డ మగ్గాల యజమాని దగ్గర ఉన్న దారులేవి? దివాలా స్మృతి కింద కంపెనీల మీద కేసు వేయాలంటే 2020 మార్చి 24 నుంచి కనీస బాకీ కోటి రూపాయలు ఉండాలి, అంతకుముందు అది లక్ష. కోవిడ్ వేళ కంపెనీలను కాపాడడానికి పెంచిన ఆ గీత తిరిగి కిందికి రాలేదు. పైగా పారిపోయిన వ్యాపారి తరచూ కంపెనీ కాదు, సొంత పేరుతో నడిచే దుకాణం, లేదా భాగస్వామ్యం. వ్యక్తుల దివాలాకు ఉద్దేశించిన మూడో భాగం 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది గానీ, కంపెనీలకు పూచీ పడ్డవారి వరకే. మామూలు మనిషికి ఇప్పటికీ దిక్కు 1920 చట్టమే. దాన్ని రద్దు చేస్తామన్న సెక్షను స్మృతిలోనే ఉంది, అమలు నోటిఫికేషన్ మాత్రం రాలేదు. చిన్న సంస్థల కోసం 2021 ఏప్రిల్‌లో తెచ్చిన ప్రీప్యాక్ పద్ధతి పది లక్షల బాకీ నుంచే వర్తిస్తుంది, కానీ కంపెనీ అయి ఉండాలి, రుణదాతల సమ్మతి ముందే ఉండాలి. ట్రిబ్యునల్ సూరత్‌లో లేదు, సుమారు 260 కిలోమీటర్ల దూరంలో అహ్మదాబాద్‌లో ఉంది.

అందుకే మార్కెట్ క్రిమినల్ దారి పడుతుంది. చెక్ బౌన్స్ కేసు, మోసం కేసు, నమ్మకద్రోహం కేసు. పోలీసు స్టేషన్ బాకీ వసూలు కేంద్రం అవుతుంది. నిజంగా నష్టపోయి ఇవ్వలేనివాడూ, సరుకు అమ్మి సొమ్ము దాచినవాడూ మళ్లీ ఒకే గాటన కట్టబడతారు. దొరికితే అరెస్టు అని తెలిశాక చిల్లిగవ్వ లేని నిజాయతీపరుడు కూడా పారిపోవడమే మేలనుకుంటాడు.

చిన్న ఉత్పత్తిదారులకు 45 రోజుల్లో చెల్లించాలన్న 2006 నాటి చట్టానికి ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) నిబంధన ఇటీవల కోరలు తెచ్చింది: గడువు దాటిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు. 2024 తొలి నెలల్లో సూరత్ మార్కెట్ దీనిమీద గగ్గోలు పెట్టింది. మగ్గాలవారికి ఇది మేలని కొందరు, గడువు భయంతో పెద్ద వ్యాపారులు చిన్నవారి దగ్గర కొనడమే మానేస్తారని మరికొందరు అన్నారు. రెండు భయాల్లోనూ నిజం ఉంది. అరువు గడువును పన్ను చట్టం కుదించగలదేమో గానీ, కూలిపోయాక ఏం చేయాలో చెప్పలేదు.

సాంచాల దగ్గర

ఇందులో మనవాళ్ల వాటా చిన్నది కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలు తరాలుగా సూరత్‌కు వలస వచ్చారు. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు వినిపిస్తుంది, సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. అక్కడ పైన సేట్, మధ్యలో నాలుగైదు సాంచాలున్న ఆసామి, కింద కార్మికుడు. సూరత్‌లో పేర్లు మారినా అంచెల వరస ఇదే. పై అంచెలో దివాలా జరిగితే దెబ్బ కిందికి జారుతుంది, కానీ చట్టం ఆ వెంబడి దిగదు. ఆసామి స్థాయి మనిషి కార్మికుడికి యజమాని, సేట్‌కు బాకీదారు, ఇంటి బంగారం కుదువపెట్టిన వడ్డీ వ్యాపారికి చేతికి చిక్కిన మనిషి. సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యల చరిత్రలో అప్పు పదేపదే కనిపించే కారణం.

దివాలా స్మృతి రాసినవాళ్లకు ఈ మనిషి తెలియక కాదు. నిరుపేద బాకీదారు కోసం 'ఫ్రెష్ స్టార్ట్' అనే అధ్యాయమే ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, బాకీలు 35 వేలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఆ లెక్కలు 2016లోనే బిగుతు, ఇప్పుడు ఒక సాంచా కార్మికుడి ఆదాయమే ఆ గీత దాటిపోతుంది. అదైనా అమలైందా అంటే లేదు. 2025 ఆగస్టులో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లులో గ్రూపు కంపెనీలు, దేశాల సరిహద్దులు దాటిన దివాలాలు ముందు వరసలో కనిపించాయి.

లండన్ నుంచి తెచ్చుకోని ముక్క

మన చట్టాల మూలం ఇంగ్లండు కాబట్టి అక్కడ ఏం జరిగిందో చూడడం న్యాయం. మ్యూర్ హంటర్ అనే దివాలా బారిస్టరు జీవితం ఇందుకు పనికొస్తుంది. 1972లో వేక్‌ఫీల్డ్‌లో జాన్ పౌల్సన్ అనే భవన నిర్మాణ శిల్పి దివాలా విచారణ జరిగింది. రుణదాతల పక్షాన హంటర్ అడిగిన ప్రశ్నలకు స్థానిక కౌన్సిళ్లలో లంచాల గుట్టు బయటపడింది, హోం మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ రాజీనామా చేశారు, పౌల్సన్ 1974లో జైలుకెళ్లాడు. బాకీల లెక్క అడగడం ప్రజాధనం లెక్క అడగడంగా మారిన సందర్భం అది. ఏబీజీ విషయంలో మనకు లోపించింది ఆ బహిరంగ విచారణ.

హంటర్ చేసింది అదొక్కటే కాదు. 1970లో లండన్‌లోని నార్త్ కెన్సింగ్టన్ పేటలో బ్రిటన్‌లోకెల్లా మొదటి పేట న్యాయ కేంద్రం తెరుచుకుంది. దాన్ని నిలబెట్టినవారిలో ఆయన ఒకరు. పెద్ద కంపెనీల దివాలాలు వాదించే లాయరు అద్దె కట్టలేని కుటుంబాల కోసం కూర్చున్నాడన్న మాట. 1977లో ఏర్పడ్డ కెన్నెత్ కార్క్ కమిటీలోనూ ఆయన సభ్యుడు. ఆ కమిటీ 1982 నివేదిక నుంచే 1986 దివాలా చట్టం వచ్చింది. అందులో బాకీదారు కోర్టు నీడలో రుణదాతలతో ఒప్పందం చేసుకునే వీలు కలిగింది. 2004 నుంచి మామూలు దివాలాకోరు ఏడాదిలో విడుదల పొందుతున్నాడు, 2009 నుంచి అతి చిన్న బాకీదారులకు తక్కువ ఖర్చుతో ఉపశమన ఉత్తర్వులు ఇస్తున్నారు. కంపెనీకి ఎంత బుర్ర పెట్టారో మనిషికీ అంత పెట్టారు. మనం మొదటి సగాన్ని శ్రద్ధగా తెచ్చుకుని రెండో సగాన్ని పుస్తకంలో ఉంచాం.

ఏం చేయాలి?

వ్యక్తులకు, సొంత దుకాణాలకు వర్తించే మూడో భాగాన్ని గీతలు సవరించి అమలు చేయడం మొదటి పని. ఇలా చేస్తే అప్పు ఎగవేతలు పెరుగుతాయని బ్యాంకులు భయపడతాయి. పట్టించుకోవలసిన భయమే. దానికి జవాబు చట్టంలోనే ఉంది: ఆస్తి దాచినవాడికి విడుదల ఇవ్వకుండా ఆపే, గత రెండేళ్ల బదిలీలను తిరగతోడే అధికారం. అప్పుడు నిజాయతీపరుడు కోర్టుకు రావడానికి భయపడడు, దాచినవాడు భయపడతాడు. ఇప్పుడు నడుస్తున్నది దీనికి తలకిందులు.

రెండోది, ఈ కేసులు వినే చోటు. స్మృతి ప్రకారం వ్యక్తుల దివాలా అప్పుల వసూలు ట్రిబ్యునళ్ల పని. పేరుకే వసూలు కేంద్రమైన చోట బాకీదారు ఊరట వెతుక్కోవాలి. దానికన్నా జిల్లా కోర్టు నయం. అది సూరత్‌లోనే ఉంది.

మూడోది న్యాయవాదులకు సంబంధించింది. 1987 న్యాయ సేవల చట్టం కింద పారిశ్రామిక కార్మికుడు ఉచిత న్యాయ సహాయానికి అర్హుడే. కాబట్టి మగ్గం మీద కూలి చేసేవాడికి తలుపు ఉంది. అతని కన్నా మెట్టు పైనున్న ఆసామి ఆదాయ పరిమితి దాటితే బయటే ఉండిపోతాడు. హజీరా కేసుతో తయారైన దివాలా నిపుణుల తరం ఒకటి ఇప్పుడు మనకు ఉంది. పదేళ్ల అనుభవం ఉన్న లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు పరీక్ష రాసి ఈ వృత్తిలోకి వచ్చారు. లైసెన్సు నిలబెట్టుకోవడానికి ఏడాదికి కొన్ని చిన్న కేసులు ఫీజు లేకుండా చూడాలన్న షరతు పెట్టడం ఈ వృత్తిని నియంత్రించే దివాలా బోర్డు చేతిలో పని. గుజరాతీలో వచ్చే నోటీసును లింబాయత్‌లోని తెలుగు ఇంటికి చదివి చెప్పే మనిషి కూడా ఆ ఏర్పాటులో భాగం కావాలి.

దివాలా బోర్డు మూడు నెలలకోసారి వెలువరించే లెక్కల్లో కంపెనీల సంఖ్య, వసూలు శాతం, పట్టిన రోజులు ఉంటాయి. బాకీల నుంచి విడుదలై మళ్లీ పని పెట్టుకున్న మామూలు మనుషులెందరో చెప్పే వరస కూడా అందులో చేరాలి. అది చేరేదాకా హజీరా తీర్పును ఎంత పొగిడినా, మన దివాలా చట్టం సగం చట్టమే.